ఆరున్నొకటో గొట్టం

నాకు గొప్పలు చెప్పుకునే అలవాటు లేదు. అబద్ధం చెప్పడం అసలే చేతకాదు. కాబట్టి ఉన్నమాట ఒప్పుకోక తప్పదు, ఈ చుట్టుపక్కల పాలేల్లో నా అంత కచ్చితంగా లెక్క చెప్పేవాడు ఇంకొకడు పుట్టలేదు. బడికి పోయి నేర్చుకుంది కాదు, తాటాకు మోపులు లెక్కబెట్టుకుంటూ నాకు నేనే నేర్చుకున్నా. మూడంటే మూడే. ఇంకొంచెం కలిపి చెప్పవయ్యా అని ఎవరన్నా బతిమాలినా నా నోరు తిరగదు. దీన్ని పొగరనేవాళ్ళున్నారు, మా ఆవిడ వాళ్ళకి పెద్ద. నేను మాత్రం నిజాయితీ అంటాను. ఆ నిజాయితీతో నేను ఒక ఇంట్లో ఏం చేసొచ్చానో చెబుతా, కాస్త దగ్గరికి జరగండి, దోమలు ఎటూ కుడతాయి.

పడమటి సందు చివర బసవయ్య పాడుదొడ్డి మీకందరికీ తెలిసిందే. మొండిగోడలు, చింతచెట్టు, చెట్టుకి కాస్త ఎడంగా మోకాలెత్తున తుప్పు పట్టిన ఇనపగొట్టం, దాని మూతిలో గుడ్డ చుట్టి దిగ్గొట్టిన కొయ్య. చింతపండు కోసం తోడికోడలి జుట్టు పట్టుకునే ఆడవాళ్ళు కూడా ఆ చెట్టు కాయ ముట్టరు, అవి రాలి పురుగు పట్టాల్సిందే. మేకలు కూడా అటు పోవు. మేకకి బుద్ధుందని నేనెక్కడా వినలా, అయినా పోవు. మీరేమనుకుంటారు, దెయ్యం చెట్టు మీదుందనుకుంటారు, ఎందుకంటే దెయ్యాలు చింతచెట్ల మీదే ఉండాలని మనకో లెక్క. పాపం ఆ చెట్టు ఏం ఎరగదు. దెయ్యం పైన లేదు, కింద ఉంది, ఎంత కిందంటే సరిగ్గా ఎన్ని గొట్టాల కిందో నేను చెప్పగలను. కానీ ఆ అంకె మాత్రం అడగమాకండి, కథ అయ్యేసరికి మీకే తెలుస్తుంది.

మీకిప్పుడు కుళాయి తిప్పితే నీళ్ళు. అప్పుడు మాకు దొరువులుండేవి. దొరువంటే బావి కాదు, దానికి రాళ్ళుండవు, ఒరలుండవు, ఒట్టి ఇసుకలో గరాటు లాగా వెడల్పుగా తవ్వుకుంటూ దిగితే అడుగున నాలుగు చిప్పల నీళ్ళూరతాయి. ఆడవాళ్ళు ఇసుకలో తొక్కిన మెట్ల మీదగా దిగి, చిప్పతో ముంచి కడవ నింపుకుని, ఆ కడవతో మళ్ళీ పైకెక్కాలి. వానాకాలం ఒక నిలువు లోతు, ఎండాకాలం రెండున్నర. పక్కనున్న ఇసుక ఎప్పుడు జారుద్దో ఇసుకకే తెలియదు. బసవయ్యకి సొంత దొడ్లోనే దొరువుండేది, అదే ఆ చింతచెట్టుకి అయిదారు బారల దూరంలో. ఇంట్లోనే దొరువుందంటే అప్పట్లో అదో హోదా, ఇప్పుడు మీరు మేడమీద ట్యాంకు చూపించినట్టు.

ఆ ఇంట్లో ఇద్దరు, బసవయ్య, వాళ్ళమ్మ అచ్చమ్మ. బసవయ్య మంచివాడు. మంచివాడంటే, చెడ్డపని చెయ్యాలన్నా వాళ్ళమ్మని అడగాల్సినవాడు. ఇంక అచ్చమ్మ సంగతి చెప్పాలి. పెద్దవాళ్ళు ఒక మాట అన్నారు కదా, ఆడదాని కన్నీళ్ళు పడ్డ ఇల్లు బాగుపడదని. దానర్థం ఏంటి? ఆడదాన్ని ఏడిపించమాకండిరా అని. అచ్చమ్మ దాన్ని ఇంకో రకంగా పట్టుకుంది, ఇంట్లో ఆడది ఏడవకూడదు అని. ఏడిపించొచ్చా లేదా అనేది ఆమె లెక్కలో లేదు. ఊరికే తిట్టమాకండి ఆమెని, ఆమెకీ ఒక కారణం ఉంది. ఆమె మొగుడు పోయినప్పుడు ఆమె నేలమీద దొర్లి ఏడ్చిందంట, పదో రోజు కాకముందే పెద్దకొడుకు పోయాడంట. ఆ రోజు కళ్ళు తుడుచుకున్న మనిషి మళ్ళీ తడవనివ్వలా, ఆమెవే కాదు, ఆ ఇంట్లో ఎవరివీ. కుక్క మూలిగినా బయటికి తోలేదంట.

బసవయ్య మొదటి పెళ్ళాం రాజ్యం. ఆమెకి ఇద్దరు పిల్లలు పుట్టి ఇద్దరూ పురిట్లోనే పోయారు. మొదటి బిడ్డని తీసుకుపోయేటప్పుడు ఆమె నోరు తెరిస్తే అత్తగారు నోటికి చెయ్యి అడ్డం పెట్టి, ఏడవమాక, ఇంకోణ్ణి కంటావులే అందంట. రెండో బిడ్డకి చెయ్యి పెట్టే పనిలేదు, అప్పటికి ఆమె నేర్చుకుంది. అక్కణ్ణించి ఆమె దొరువుకి పోవడం ఎక్కువ చేసింది. ఇంట్లో కడవలు నిండేవి, కాగు నిండేది, దూడ తొట్టి నిండి పొర్లిపోయేది, అయినా కడవెత్తుకుని దొరువులో దిగేది, దిగితే గంటకి గాని పైకొచ్చేది కాదు. మా కోడలు పనిమంతురాలు అని అచ్చమ్మ అరుగుమీద చెప్పుకునేదంట. దొరువు అడుగున కూర్చుంటే పైకి ఏదీ వినపడదని ఆమెకి తెలుసో, తెలిసీ ఊరుకుందో మనకి తెలియదు.

వైశాఖంలో ఒకరోజు మిట్టమధ్యాన్నం ఇసుక జారింది. కేక వినపడలేదన్నారు. ఎట్లా వినపడుద్ది, వినపడకూడదనే కదా ఆమె అక్కడికి పోయింది. ఊరు ఊరంతా వచ్చి ఆ సాయంత్రం దాకా, మర్నాడు సాయంత్రం దాకా తోడారంట. ఇసుక తవ్వినకొద్దీ జారుద్ది, అడుగున నీళ్ళూరతాయి, గుంటే మనుషుల్ని మింగేట్టుంది. కడవ దొరికింది. రాజ్యం దొరకలా. మూడోరోజు దాన్ని పూడ్చేశారు. దర్భతో బొమ్మ చేసి దానికి దహనం చేసి, పదో రోజు చేశారు. ఒక్కళ్ళు ఏడవలా. బసవయ్య మాత్రం చింతచెట్టు వైపు తిరిగి నుంచుని గోళ్ళతో బెరడు గీరుతూ ఉన్నాడంట, వేళ్ళు నెత్తురు కారిందాకా.

ఏడాది తిరక్కుండా రెండో పెళ్ళాం వచ్చింది, తిరపతమ్మ. మెట్ట ఊరి పిల్ల, రాతికట్టు బావి దగ్గర చేద వేసి తోడుకున్న పిల్ల, దొరువంటే ఎరగదు. అప్పటికి అచ్చమ్మ కంచె అవతల కొత్త దొరువు తవ్వించింది. తిరపతమ్మ మొదటిరోజు ఇసుక మెట్టు మీద కాలు పెట్టి, కాలికింద అది కదిలేసరికి అక్కడే కూలబడిందంట. అయినా ఏడు... చూశారా, నా నోరు... అయినా ఆరునెలలు, ఇంకా పైన ఒక నెల, దిగుతూ ఎక్కుతూ ఉంది. తర్వాత నెల తప్పింది. అప్పుడు మొగుడితో చెప్పింది, నువ్వు కొట్టినా సరే, చంపినా సరే, కడుపులో బిడ్డతో నేను ఆ గుంటలో దిగను, దిగితే నేనూ మిగలను, ఇదీ మిగలదు, ఇంటి దగ్గర బోరు వేయించు అని. బసవయ్య వాళ్ళమ్మని అడిగాడు. అచ్చమ్మ రెండురోజులు ఆలోచించి, ఈ బిడ్డన్నా నిలవాలిరా, వేయించు అంది. అదీ సంగతి. ఆ పిల్లకి ఆ బోరులో తీపినీళ్ళు పడాలి. పడకపోతే మళ్ళీ దొరువే. దానిమీద రెండు ప్రాణాలున్నాయి.

అప్పట్లో బోరంటే లారీమీద మిషను రాదు. మా మస్తాను మేస్త్రీ వచ్చేవాడు. నేనప్పటికి ఈ ఊరివాణ్ణి కాదు, ఈ ఊరికి అల్లుణ్ణయింది తర్వాత, మస్తాను మేస్త్రీ మా ఊరు, నేను ఆయన జట్టులో పనివాణ్ణి. పనివాణ్ణి అంటే అతిశయం అవుతుందేమో. జట్టులో నలుగురం. ఇద్దరు అన్నదమ్ములు, కండలు తిరిగిన మనుషులు, సరుగుడు వాసం పట్టుకుని గొట్టాన్ని ఎత్తి ఎత్తి కుదేసేవాళ్ళు. మేస్త్రీ గొట్టం మూతిమీద అరచెయ్యి పెట్టేవాడు. నాలుగోవాణ్ణి నేను, గుంటలో పేడనీళ్ళు పోసేవాణ్ణి, లెక్క చెప్పేవాణ్ణి. ఇంకే పనికీ పనికిరాక అది ఇచ్చారని గిట్టనివాళ్ళు అంటారు. గిట్టినవాళ్ళు కూడా అదే అంటారు.

ఆ అరచెయ్యి సంగతి మీకు తెలియాలి, లేకపోతే ఈ కథే లేదు. గొట్టం నిలబెడతాం, చుట్టూ చిన్న గుంట, గుంట నిండా పేడ కలిపిన నీళ్ళు. పేడెందుకంటే ఇసుక గోడ కూలకుండా అతుక్కుంటుంది. గొట్టం పైకి లేపేటప్పుడు మేస్త్రీ మూతిమీద అరచెయ్యి గట్టిగా అదిమి పెడతాడు, కిందున్న బురద గొట్టంతోపాటు పైకొస్తుంది. కుదేసేటప్పుడు చెయ్యి తీస్తాడు, బురదనీళ్ళు మూతిలోంచి బుస్సున చిమ్ముతాయి. అదిమి, తీసి, అదిమి, తీసి, పొద్దస్తమానం అదే. గొట్టం దిగినకొద్దీ పైన ఇంకో గొట్టం బిగిస్తాం. ఎత్తేటప్పుడు కింద ఏముందో అది అరచేతిని లాగుతుంది. మస్తాను మేస్త్రీ కళ్ళు మూసుకుని, లాగే తీరును బట్టి, ఇది పసుపిసుక, ఇది బంక, ఇది గవ్వలమట్టి అని చెప్పేవాడు. ఆయన అరచెయ్యి చెప్పులతోలు లాగా ఉండేది, నడిమధ్యలో గుండ్రంగా గొట్టం మూతి అచ్చు.

ఇంక లెక్క. మన దగ్గర ధాన్యం కొలిచేటప్పుడు ఒకటి అనరు కదా, లాభం అంటారు. గొట్టాలకీ అంతే. లాభం, రెండు, మూడు, నాలుగు, అయిదు, ఆరు. ఆ తర్వాతది మాత్రం పేరు పెట్టి అనకూడదు. ఎందుకంటే అది అంకే కాదు, ఒక మనిషితో ఇంకో మనిషి అనే మాట కూడా. కన్నీళ్ళు పెట్టుకో అని చెప్పడానికి మనకున్నది ఆ మాటే. కొలిచేవాళ్ళు అందుకే ఆరున్నొకటి అంటారు. భూమిలోకి నోరు తెరుచుకున్న గొట్టం పక్కన నుంచుని ఆ మాట అసలు అనకూడదని మేస్త్రీ నాకు మొదటిరోజే చెప్పాడు. పైన అన్నమాట పైనే పోతుంది, గొట్టంలో అన్నమాట ఎవరికి చేరుద్దో నీకేం తెలుసురా అన్నాడు. నేను మనసులో నవ్వుకున్నా. ఉన్న అంకెకి ఉన్న పేరు చెప్పకపోవడం నా నిజాయితీకి నామోషీగా ఉండేది. మూడేళ్ళు ఆరున్నొకటి అన్నాను, అన్నప్పుడల్లా అబద్ధం చెప్పినట్టే ఉండేది.

సరే, వెళ్ళాం. మేస్త్రీ అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని దొడ్డంతా తిరిగాడు. చింతచెట్టుకి అయిదారు బారల దూరంలో కాయ లేచి నిటారుగా నిలబడింది. అక్కడ కాదు, ఇంకోచోట చూడు మేస్త్రీ అని బసవయ్య అన్నాడు. అనేటప్పుడు మొహం సున్నం కొట్టినట్టుంది. ఎందుకు కాదయ్యా అని మేస్త్రీ అడిగితే అచ్చమ్మ కలగజేసుకుని, వాడి మొహం, నీళ్ళున్నచోటే వెయ్యండి అంది. ఆమెకి కావలసింది బిడ్డ నిలవడం. దొరువులో పడి ఒకామె పోయిందని మేం విన్నాం గాని, ఆ దొరువు ఇదేనని మాకెవరూ చెప్పలా. తిరపతమ్మకీ చెప్పలా.

పొద్దున్నే మొదలుపెట్టాం. లాభం. పసుపిసుక. రెండు. రెండోది దిగుతుండగా బురదతోపాటు ఏదో టింగుమని గొట్టం అంచుకి తగిలి గుంటలో పడింది. తీసి కడిగితే పచ్చగాజు ముక్క. నేను కచ్చితమైనవాణ్ణి కదా, వచ్చిందేదో వచ్చినట్టు చెప్పాలని, మేస్త్రీ, రెండో గొట్టంలో గాజుముక్క ఒకటి అని అరిచాను. అచ్చమ్మ గబగబా వచ్చి నా చేతిలోంచి తీసుకుని, పాతదెవరిదో అని చెంగున ముడేసుకుంది. బసవయ్య ఇంట్లోకి పోయాడు, మళ్ళీ చాలాసేపు బయటికి రాలా.

మూడు, నాలుగు, అయిదు. నల్లమట్టి పోయి తెల్ల ఇసుక పడింది. ఆరోది దిగాక నీళ్ళు చేతిలో పట్టి రుచి చూస్తే, అబ్బ, కొబ్బరినీళ్ళే. తిరపతమ్మ కూడా దోసిట పట్టి తాగింది. ఆ పిల్ల నవ్వడం నేను చూసింది అదొక్కసారే. ఇంక చాలు కదా మేస్త్రీ, ఆపెయ్యండి అంది. మేస్త్రీ ఆలోచించి, ఇసుక మరీ సన్నమమ్మా, ఆర్నెల్లకి గొట్టం పూడుకుపోద్ది, ఇంకొక్కటి దించితే ముతకిసుక తగుల్తది, నీ మనవళ్ళు కూడా తాగుతారు అన్నాడు. ఆయన మాట మంచిదే. పని తెలిసినవాడి మాట.

ఇంకో గొట్టం బిగించాం. మోకాలెత్తు మిగిలిందాకా దిగింది. మిట్టమధ్యాన్నం. తిరపతమ్మ చెంబుతో మజ్జిగ తెచ్చింది. చేతికిస్తూ, ఇది ఎన్నో గొట్టం అన్నా అని అడిగింది.

ఇప్పుడు నేను మీ ముందు దాచేదేముంది. నాకు ఇరవై ఆరేళ్ళు. ఒళ్ళంతా పేడ. ఆ ఇద్దరు కండలవాళ్ళని వదిలేసి ఆ పిల్ల నన్నడిగింది. ఆరున్నొకటి అంటే అదేం లెక్కన్నా అని నవ్వుద్దేమో అనిపించింది. పక్కనే మేస్త్రీ, కళ్ళు మూసుకుని ఉన్నాడు, గొట్టం కిందికి పడుతోంది, మూతిమీంచి చెయ్యి లేచింది, మూతి తెరుచుకుని, గుంట పక్కన కూర్చున్న నా మొహానికి సరిగ్గా ఎదురుగా ఉంది. నేను ఛాతీ విరుచుకుని, గట్టిగా, స్పష్టంగా అన్నాను.

"ఏడు."

అది గొట్టంలోకి పోయింది. పోవడం నేను విన్నాను. నా గొంతే, కిందికి దిగుతూ, సన్నబడుతూ, ఏడు, ఏడు, ఏడు అంటూ పోయింది. మేస్త్రీ కళ్ళు తెరిచి నావైపు చూశాడు. తిట్టడానికి వ్యవధి లేదు, గొట్టం పైకి లేస్తోంది, అలవాటుగా చెయ్యి మూతిమీద పడింది. పడ్డ చెయ్యి మళ్ళీ రాలా.

ఆయన అరవలా. ఒరే దించమాకండి, ఎత్తమాకండి, అట్టా పట్టుకోండి అన్నాడు మెల్లిగా. గాలి పట్టేస్తే చెయ్యి ఇరుక్కోవడం మామూలే, చిటికెనవేలు అంచు కింద దూర్చి కాస్త గాలి పోనిస్తే వస్తుంది. ఆయన చిటికెనవేలు దూర్చాడు. రాలా. నుదుటిమీంచి చెమట గొట్టం మీద కారుతోంది. అట్లా ఎంతసేపో నేను లెక్కపెట్టలా, నా జన్మలో లెక్కపెట్టనిది అదొక్కటే. తర్వాత దానంతటదే వదిలింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకుని, కింద నించి చెయ్యి ఆనిందిరా పేరిగా అని నన్ను పిలిచి చెప్పాడు. లాగలా. నా చేతికి చెయ్యి ఆనించింది, అంతే. చిన్న చెయ్యి. ఆడమనిషిది, అన్నాడు.

అప్పుడు వినపడింది. ముందు గొట్టంలో గాలనుకున్నాం. గాలికి ఎక్కిళ్ళుండవు కదా. ఎన్నేళ్ళో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని ఉన్న మనిషి ఆ చెయ్యి తీసేస్తే ఎట్లా ఉంటుందో అట్లా వచ్చింది. పెద్దగా ఏం కాదు. పక్కవీధికి వినపడదు. వెనకాలే నీళ్ళొచ్చాయి. ఎవరూ ఎత్తకుండా, కుదెయ్యకుండా, వాటంతటవే మూతి అంచుమీంచి పొర్లి గొట్టం వెంట జారాయి. వేలితో అద్ది నోట్లో పెట్టుకున్నా. ఉప్పు. సముద్రపుప్పు అయితే గొంతు మండుద్ది. ఇది మండలా. గోరువెచ్చగా ఉంది. ఆ ఉప్పు ఎక్కడిదో మీలో ప్రతి ఒక్కరికీ తెలుసు, చెంపమీంచి పెదవిమీదికి జారినప్పుడు మీరందరూ రుచి చూసిందే.

తర్వాత్తర్వాత చదువుకున్నాయన ఒకాయన నాకు చెప్పాడు, సముద్రం పక్కనుంటే పైన తీపినీళ్ళుంటాయి, కింద ఉప్పునీళ్ళుంటాయి, మీరు ఒక్క గొట్టం ఎక్కువ దించారు, అంతేనని. అయ్యుండొచ్చు. నేను కాదనను. ఆ ఎక్కిళ్ళ సంగతి ఏమిటయ్యా అంటే ఆయన గడియారం చూసుకున్నాడు.

అచ్చమ్మ వచ్చింది. వచ్చి గొట్టం ముందు నుంచుంది. భయపడ్డట్టు లేదు, కోపంగా ఉంది, పెళ్ళిలో చంటిపిల్ల గోల చేస్తే చూసినట్టు చూసింది. కొయ్యకి గుడ్డ చుట్టి తెచ్చి, మూతిలో పెట్టి రోకలితో కొట్టింది. ఇంక పొండి అంది. మేం సామాను కూడా సర్దుకోకుండా వచ్చేశాం. మా ఊరి పొలిమేరలో మేస్త్రీ ఆగి, ఆమెకి ఇన్నాళ్ళూ ఎవరూ చెప్పలేదురా, నువ్వు చెప్పావు అన్నాడు. అది తిట్టో మెచ్చుకోలో నాకు అర్థం కాలేదు. ఆయన మళ్ళీ గొట్టం మీద చెయ్యి పెట్టలా, సరుగుడు తోటకి కాపలా ఉంటూ పోయాడు.

తిరపతమ్మకి మళ్ళీ దొరువే గతయింది. ఇంకోచోట వేయిద్దామంటే ఏ జట్టూ ఆ దొడ్లో అడుగు పెట్టనంది. ఎనిమిదో నెలలో కడవతో ఎక్కుతూ మెట్టు జారి కూర్చుండిపోయింది. ఇసుక పడలా, ఆ మేరకి అదృష్టమే అన్నారు. ఆ సాయంత్రమే కాన్పొచ్చింది. మగబిడ్డ, నీలంగా. బసవయ్య గుడ్డలో చుట్టి తీసుకుపోతుంటే ఆ పిల్ల లేచి కూర్చుందంట. అత్తగారు పక్కనే ఉంది. ఏడవమాక అంది.

అది అయిన పదిహేను రోజులకి బసవయ్య మా ఊరొచ్చాడు. మేస్త్రీ రానన్నాడు, అందుకని నా దగ్గరికి వచ్చాడు. బిరడా వేసినా లోపల మూలుగుతోంది, అమ్మకి నిద్ర లేదు, నువ్వు వచ్చి గొట్టాలు పీకెయ్యి పేరయ్యా అన్నాడు. నేను ముందు చూసొస్తా, తర్వాత గొలుసులూ మనుషులూ తెస్తా అని పొద్దున పది గంటలప్పుడు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానంటే, పిరికివాడన్న మాట పడలేక వెళ్ళాను, అంతకంటే ధైర్యం ఏం లేదు.

అచ్చమ్మ పొలానికి పోయింది. తిరపతమ్మ గొట్టం దగ్గర కూర్చుని ఉంది. బిరడా తీసి పక్కన పెట్టింది. పచ్చి బాలింత, తలకి గుడ్డ కూడా కట్టుకోలా. కళ్ళు ఎట్లా ఉన్నాయంటే, ఎండాకాలం దొరువులో అడుగు కనిపిస్తుంది చూడండి, తడి లేకుండా, పగుళ్ళతో, అట్లా ఉన్నాయి. నన్ను చూసి లేవలా.

"అన్నా, ఆ రోజు రాజ్యం అక్కకి చెప్పింది నువ్వే కదా."

నేను గొట్టం ఎన్ని అంగుళాలు బయటికుందో చూస్తున్నట్టు వంగాను.

"నాకూ ఒకసారి చెప్పన్నా. ఇంట్లో ఎవరూ చెప్పట్లా. నా అంతట నాకు రావట్లేదు."

ఏమడిగిందర్రా ఆ పిల్ల? పొలం అడిగిందా, పుట్ర అడిగిందా? ఒక్క మాట. అదీ కష్టమైన మాట కాదు, ఒకటో ఎక్కంలో ఉన్న మాట. పక్కనున్న గొట్టం నోరు తెరుచుకుని వింటోంది. ఒకసారి అన్నందుకు అంత అయింది, మళ్ళీ అంటే ఏం అవుద్దో, నా చెయ్యి పట్టుకుంటే, నా ఇంటికొస్తే, నాకింకా పెళ్ళి కాలా, ఇవన్నీ ఒక్కసారి బుర్రలో తిరిగాయి. ఎన్నడూ మూడుని మూడున్నర అనని మనిషిని, ఆ పిల్ల మొహంలోకి చూస్తూ అన్నాను.

"ఆరున్నొకటి."

కోపం రాలా ఆమెకి. చుట్టానికి అన్నం పెడదామని కుండలో చెయ్యి పెడితే అడుగు తగిలిందనుకోండి, అప్పుడు మనం చూస్తామే, అట్లా చూసింది. సరేలే అన్నా, పోయిరా అంది. నేను గొలుసులు తెస్తానని చెప్పి, రోడ్డెక్కిందాకా నడిచి, రోడ్డెక్కాక పరిగెత్తాను.

మర్నాడు పొద్దున్నే కబురొచ్చింది. గొలుసులు అక్కర్లేదని.

పాలు పిండటానికి లేచిన అచ్చమ్మ చూసిందంట. తిరపతమ్మ గొట్టాన్ని ఆనుకుని, చెంప దానికి ఆనించి, కుడి అరచెయ్యి మూతిమీద బోర్లించి కూర్చునుంది. నిద్రపోతోందనుకున్నారు. ఒళ్ళు చల్లగా ఉంది. చెయ్యి మాత్రం మూతిమీంచి రావట్లా. ఇద్దరు పట్టినా రాలా, ముగ్గురు పట్టినా రాలా, గొట్టం కోద్దామన్నారు ఎవరో. మస్తాను మేస్త్రీని పిలిపించారు. ఆయనతో నేనూ వెళ్ళాను, జనం వెనకాల నుంచున్నాను. ఆయన చిటికెనవేలు అంచు కింద దూర్చి చూసి, లేచి నుంచుని, ఇది గాలి కాదయ్యా, ఇందులో నా పనేం లేదు అన్నాడు.

అప్పుడు బసవయ్య వెళ్ళి ఆ పిల్ల పక్కన కూలబడ్డాడు. కూలబడి, నోరు తెరిచాడు. ఆ మనిషి లోపల అంత ఉందని ఎవరూ అనుకోలా. ఒక్క పెళ్ళానికి కాదు, ఇద్దరికీ, ముగ్గురు బిడ్డలకీ, తండ్రికీ, అన్నకీ, ఎవరెవరి పేర్లో పెట్టి ఏడ్చాడు. ఏడవమాకరా, ఒరే ఏడవమాకరా అని అచ్చమ్మ వాడి భుజం పట్టుకుని లాగుతోంది. వాడు వినలా, వాళ్ళమ్మ మాట వాడు విననిది పుట్టిన తర్వాత అదే. అట్లా ఏడుస్తుండగా తిరపతమ్మ చెయ్యి మెల్లిగా వదిలి ఒళ్ళోకి జారింది. మధ్యలో గుండ్రంగా అచ్చుంది. మొహం మీది చెంగు తీసి చూస్తే మొహమంతా తడి. చెంపలమీద ఉప్పు చారలు కట్టి ఉన్నాయి. గొట్టంలోంచి పొర్లిన నీళ్ళన్నారు కొందరు. నేను చూశాను, గొట్టం పొడిగా ఉంది. రాత్రి ఎప్పుడో ఆ పిల్లకి ఎవరో చెప్పారు. నేను మాత్రం చెప్పలా.

బసవయ్య ఆ సాయంత్రం కట్టుబట్టలతో ఊరొదిలి పోయాడు, ఎటుపోయాడో ఎవరికీ తెలియదు. అచ్చమ్మ మళ్ళీ గుడ్డ చుట్టిన కొయ్య కొట్టి, ఆ ఇంట్లో ఒక్కతే ఇంకో పన్నెండేళ్ళు బతికింది. చివరిదాకా కళ్ళు పొడిగానే ఉన్నాయంటారు. ఆమె పోయినప్పుడు ఏడవడానికి మనిషి కూడా లేడు, ఆమె కోరుకున్నట్టే అయింది. ఇల్లు ఆ తర్వాత వానలకి కూలింది.

కాబట్టి అటు పోమాకండి. దెయ్యం పీక పిసుకుద్దని కాదు, ఇన్నేళ్ళలో అది ఎవర్నీ ఏం చెయ్యలా. మధ్యాన్నం పూట ఆ కొయ్య తీస్తే వినపడుద్ది, విన్నవాళ్ళకి అన్నం సయించదు, అంతే. కాదు, పోతామంటే మీ ఇష్టం, కాళ్ళు మీవి. చెప్పులేసుకుని పొండి, పల్లేరుకాయలున్నాయి.

నాకు డెబ్బై రెండొచ్చాయి. మొన్న మా చెల్లెలి మొగుడు పోతే వాళ్ళింటికి వెళ్ళాను. మా చెల్లెలు నన్ను చూసి బావురుమంది. ఆమె పక్కన కూర్చున్నాను, నోరు తెరిచాను, ఈసారి ఎండలు ముందే వచ్చాయమ్మా అన్నాను. ఏడ్చే మనిషి పక్కన కూర్చుని ఏమనాలో నాకింకా రాలేదు.